పాల కేంద్రంలో సమాచార తెర: ఏది కొనాలి, ఎటు తిప్పి పెట్టాలి?



ఇటీవల జహీరాబాదు పరిసర గ్రామాల సంఘాలకు తనిఖీకి వెళ్ళినప్పుడల్లా మాకు ఒక ప్రశ్న ఎదురవుచున్నది. "కేంద్రంలో ఒక స్క్రీను పెట్టిద్దామనుకుంటున్నాము, ఏ కంపెనీది కొనమంటారు?" అని పాలకవర్గ సభ్యులు అడుగుతున్నారు. కంపెనీ పేరు చెప్పడం మా పని కాదు. అయితే ఏ వస్తువు ఏ పనికి పనికివస్తుంది, ఎక్కడ డబ్బు వృథా అవుతుంది అన్నది చెప్పగలము. ఈ విషయంలో ఒకసారి మేమే పొరపాటు చేసి ఉన్నాము గనుక మరికాస్త ధైర్యంగా చెప్పగలము.

ఆ పొరపాటు మొగుడంపల్లి వైపు ఒక సంఘంలో జరిగింది. ఊరి పేరు అవసరం లేదు. మొగుడంపల్లి 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో పాటు జహీరాబాదు మండలం నుండి విడిపోయి ప్రత్యేక మండలమయింది. అవతల కర్ణాటకలోని బీదరు జిల్లా. పాలు పోయడానికి వచ్చేవారిలో తెలుగు మాట్లాడేవారు, కన్నడం మాట్లాడేవారు, ఉర్దూ మాట్లాడేవారు ఒకే వరుసలో నిలబడి ఉంటారు. ఆ సంఘం వారు 43 అంగుళాల టీవీ ఒకటి కొంటామని తీర్మానం చేసి, మూడు కొటేషన్లు తెప్పించి మాకు చూపించారు. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. తక్కువ ధర కోట్ చేసినవారికే ఇచ్చారు. మేము చూసి సంతకం పెట్టాము. ఆ టీవీ ఎక్కడ పెడతారు, దానిలో ఏమి కనబడుతుంది అని మాత్రం అడగలేదు.

తరువాతి తనిఖీకి వెళ్ళేసరికి టీవీ తూర్పు గుమ్మానికి ఎదురుగా గోడమీద ఉన్నది. ఉదయం ఆరున్నరకు ఎండ నేరుగా దానిమీద పడి, అద్దంలో మన ముఖమే మనకు కనబడుచున్నది. దానిలో దాణా ప్రకటనలు, పశువుల టీకాల ఫోటోలు తిరుగుతున్నాయి. ఇటు బల్ల దగ్గర చూస్తే పాల తూకం, వెన్న శాతం చూపించే చిన్న అంకెల పెట్టె కార్యదర్శి వైపు తిరిగి ఉన్నది. ఒకే గేదె ఉన్న ఒక వితంతువు మమ్మల్ని పక్కకు పిలిచి అన్న మాట ఇది:

"సారూ, గా డబ్బ అంకెలు సెక్రెట్రీ సారుకే సూపిస్తది. నాకు దాని ఈపే కనబడ్తది."

వారం తిరక్కముందే ఆమె సంఘానికి పాలు పోయడం మానివేసి, మోటారు సైకిలుపై వచ్చే ప్రైవేటు వ్యాపారికి పోయసాగింది. అతడు వెన్న చూడడు, లీటరు కొలతతో కొలిచి ఒకే ధర ఇస్తాడు. సంఘం ధర కంటే అది తక్కువే. అయినా అతడి కొలత ఆమె కళ్ళ ముందే జరుగుతుంది. కార్యదర్శి మోసగాడు కాడు, పుస్తకాలన్నీ మేము సరిచూశాము. తప్పు పెట్టె తిరిగి ఉన్న దిక్కులో ఉన్నది.

తెర ఎందుకు అవసరమయింది?

పాత సభ్యులకు గెర్బర్ పరీక్ష గుర్తుండే ఉంటుంది. స్విట్జర్లాండుకు చెందిన గెర్బర్ అనే శాస్త్రజ్ఞుడు 1891లో పేటెంటు పొందిన పద్ధతి అది. గాజు గొట్టంలో 10 మి.లీ. గంధకామ్లం, 10.75 మి.లీ. పాలు, 1 మి.లీ. అమైల్ ఆల్కహాలు పోసి, బిరడా బిగించి, యంత్రంలో గిరగిర తిప్పితే వెన్న పైకి తేలి పసుపు పట్టీగా నిలబడేది. ఆలస్యమయ్యేది, ఆమ్లంతో చేతులు కాలేవి. ఒక మేలు మాత్రం ఉండేది. అనుమానం వచ్చిన సభ్యుడు "ఏదీ, ఆ గొట్టం ఇటు చూపించు" అని అడిగి, గీతలు లెక్కపెట్టుకుని వెళ్ళేవాడు. చదువు రానివారికి కూడా పట్టీ పొడవు కనబడేది.

ఇప్పుడు ఎలక్ట్రానిక్ మిల్క్ అనలైజరు నిమిషం లోపే వెన్న, ఘన పదార్థాల శాతాలు చెప్పేస్తున్నది. తూకం, అనలైజరు, కంప్యూటరు, రసీదు ప్రింటరు కలిపి ఉండే ఏ.ఎం.సి.యు. యంత్రాలు 1990 దశకంలో గుజరాతులోని సంఘాలలో మొదలై దేశమంతటా వ్యాపించాయి. వేగం పెరిగింది, చేతి లెక్కల తప్పులు తగ్గాయి. కాని సభ్యుడి కంటికి కనబడే పసుపు పట్టీ పోయింది. పోయిన ఆ పట్టీ స్థానంలో నిలబడవలసినది ఈ తెర. ప్రకటనలు, ఫోటోలు ఆ తరువాతి మాట.

తీగ ఎక్కడ మొదలవుచున్నది?

తెర కొనేవారు సాధారణంగా తెరనే చూస్తారు. ఎన్ని అంగుళాలు, ఎంత మెరుపు, ఎన్నేళ్ళ వారంటీ అని. మేము మొదట చూడమనేది దాని వెనుక తీగను. ఆ తీగ ఎక్కడినుండి వస్తున్నది?

తూకం నుండి, అనలైజరు నుండి అంకెలు నేరుగా వస్తే ఆ తెర సాక్షి. ఎవరో కంప్యూటరులో టైపు చేసిన అంకెలను తిరిగి చూపిస్తే అది కేవలం బోర్డు. కొన్ని కేంద్రాలలో అనలైజరుకు, కంప్యూటరుకు మధ్య తీగ తెగిపోయి, కార్యదర్శి అంకె చూసి చేత్తో కొడుతూ ఉంటాడు. 6.4 బదులు 4.6 పడడానికి దురుద్దేశం అక్కరలేదు, నిద్రమత్తు చాలు. అటువంటి చోట ఎంత ఖరీదైన తెర పెట్టినా అది తప్పును పెద్ద అక్షరాలతో చూపిస్తుందంతే. ముందు ఆ తీగను బాగుచేయించండి. చాలా యంత్రాలలో ఇది ఆర్.ఎస్.-232 అనే పాతకాలపు సీరియల్ తీగ, పది పదిహేను మీటర్లు దాటితే నమ్మకంగా పనిచేయదు. తెర వరండా చివర పెట్టాలంటే ఆర్.ఎస్.-485 రకం కావాలని సరఫరాదారుకు ముందే చెప్పవలెను. అది వందల మీటర్లు కూడా పోతుంది.

తూకానికి మాత్రం ఇంకొక షరతు. తూకపు రెండవ డిస్‌ప్లే తూకం కంపెనీదే అయి, కంప్యూటరుతో సంబంధం లేకుండా తూకానికే తగిలించి ఉండవలెను. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం తూనికల శాఖ ముద్ర పడేది తూకానికి, గోడమీది టీవీకి కాదు. కంప్యూటరు ఆగిపోయిన రోజున కూడా ఆ రెండవ డిస్‌ప్లే వెలుగుతూ ఉంటుంది గనుక పుస్తకంలో చేత్తో రాసుకున్నా సభ్యుడు సరిచూసుకోగలడు.

పాలు పోయకముందు ఆ డిస్‌ప్లేలో సున్న కనబడవలెను. పాత్ర బరువు తీసివేసిన తరువాత సున్న, పోసిన తరువాత తూకం. ముందటి సభ్యుని అంకె అలాగే నిలిచి ఉండగా తరువాతి పాలు పోయించే అలవాటు కొన్ని చోట్ల చూశాము. రద్దీలో కార్యదర్శికి అది సమయం ఆదా. సభ్యునికి అది అనుమానం. కొనేటప్పుడు ప్రతి నమోదు తరువాత తెర తనంతట తాను ఖాళీ అవుతుందా అని అడగండి.

కిలోలు, లీటర్లు అన్న గొడవ కూడా ఇక్కడే తేల్చుకోవాలి. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. తూకంలో 5.15 కనబడి, రసీదులో 5.00 లీటర్లు అని వస్తే లెక్క సరిగానే ఉన్నట్టు. కాని ఆ సంగతి తెలియని సభ్యురాలికి పూటకు గిద్దెడు పాలు ఎవరో తీసుకుంటున్నట్టు తోస్తుంది. రెండు అంకెలూ పక్కపక్కన, ఏది కిలోలో ఏది లీటర్లో రాసి కనబడాలి.

దశాంశ స్థానాల విషయం చిన్నదిగా కనబడుతుంది. పెద్ద రైతుకు చిన్నదే. పూటకు లీటరున్నర పోసేవారికి కాదు. 1.48 లీటర్లను తెర 1.4 అని చూపించి, లెక్క కూడా 1.4కే కట్టారనుకుందాము. పూటకు 80 మి.లీ., నెలకు 60 పూటలకు 4.8 లీటర్లు. లీటరు 50 రూపాయలు అనుకుంటే 240 రూపాయలు. లెక్క 1.48కే కట్టి, బోర్డులో అంకెల గదులు చాలక 1.4 కనబడినా నష్టమే. ఆమె డబ్బు పోదు, నమ్మకం పోతుంది. కాబట్టి రెండు దశాంశాలు చూపలేని బోర్డు ఎంత చవకైనా కొనవద్దు.

టీవీనా, అంకెల బోర్డా, చుక్కల బోర్డా?

సంతలో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. ఇంటి టీవీ లేదా దుకాణాలలో పెట్టే పెద్ద తెర మొదటిది. ఎర్ర గీతలతో ఎనిమిది ఆకారంలో అంకెలు వెలిగే బోర్డు రెండవది. బస్సుల మీద అక్షరాలు పాకుతూ పోయే చుక్కల బోర్డు మూడవది.

సేకరణ బల్ల దగ్గరకు మా ఓటు ఎర్ర అంకెల బోర్డుకే. చూడ్డానికి మోటుగా ఉంటుంది, రైల్వే స్టేషను గడియారంలాగ. కాని నీడ ఉన్న చోట పగలు కూడా స్పష్టంగా కనబడుతుంది, అయిదు పది వాట్లతో నడుస్తుంది. దుమ్ము తుడిచితే చాలు, ఒక గీత వెలగకపోయినా జహీరాబాదులోని ఎలక్ట్రానిక్స్ మెకానిక్కు బాగుచేయగలడు. ఒక గీత పోతే 8 కాస్తా 6గానో 0గానో కనబడుతుంది గనుక రోజూ యంత్రం పెట్టగానే అన్ని గదులలోనూ 8 వెలిగించి చూడడం కార్యదర్శి బాధ్యత. అంకెల ఎత్తుకు బోర్డులు రాసేవారి పాత లెక్క ఒకటి కలదు: పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు. బల్లకు అవతల నాలుగైదు అడుగుల దూరంలో నిలబడేవారికి ఆ లెక్కన అర అంగుళం చాలు. కాని మన సభ్యులలో కంటి శుక్లాలున్న వృద్ధులు ఎందరో ఉన్నారు. రెండున్నర అంగుళాల అంకెలు తీసుకోండి.

అక్షరాల బాధ ఇక్కడ లేదన్నది ఇంకొక లాభం. తెలుగు చదవలేనివారు, కన్నడం మాత్రమే చదవగలవారు, ఏమీ చదవలేనివారు కూడా అంకెలు గుర్తుపడతారు. నోట్లు లెక్కపెట్టే ప్రతివారికీ అంకెలు వచ్చు. ఏ అంకె దేనిదో తెలియడానికి పక్కన రంగుతో బొమ్మ గీయించండి. తూకానికి పాల క్యాను, వెన్నకు వెన్నముద్ద, డబ్బుకు రూపాయి గుర్తు. పెయింటరు గంటలో గీస్తాడు.

చుక్కల బోర్డులలో మన దగ్గర ఎక్కువగా అమ్మేది పి-10 అనేది. చుక్కకు చుక్కకు పది మిల్లీమీటర్ల దూరమని దాని అర్థం. ఒక్కొక్క పలక 32 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు. పది మీటర్ల దూరం నుండి చూస్తే చక్కని అక్షరం, అయిదు అడుగుల నుండి చూస్తే చెదిరిన చుక్కలు. కనుక ఇది బల్ల దగ్గరకు కాదు, బయటి గోడకు. "సాయంత్రం దాణా బస్తాలు వస్తాయి", "బిల్లు చెల్లింపు శనివారం" వంటి కబురుకు బాగుంటుంది. తెలుగు విషయంలో మాత్రం జాగ్రత్త. ఇంగ్లీషు అక్షరాలు 16 చుక్కల ఎత్తులో ఇమిడిపోతాయి. మొగుడంపల్లి అన్న పేరులోని చివరి అక్షరానికి పైన గుడి, కింద లావత్తు ఉన్నాయి, అంత తక్కువ ఎత్తులో అవి కలిసిపోయి మరకలాగ కనబడతాయి. రెండు పలకలు ఒకదానిమీద ఒకటి పెట్టి 32 చుక్కల ఎత్తు తీసుకోవలెను. చవక కంట్రోలరు కార్డులు తెలుగు వత్తులను వాటంతట అవి కూర్చలేవు, కంప్యూటరులో రాసి బొమ్మగా మార్చి పంపవలసి ఉంటుంది. అమ్మేవారు "తెలుగు వస్తుందండీ" అంటే సరే అనకండి. మీ ఊరి పేరు, సంఘం పేరు వారి దుకాణంలోనే వెలిగించి చూపించమనండి.

ఇక టీవీ. సర్వసభ్య సమావేశాలకు, పశువైద్యుల పాఠాలు చూపించడానికి అది మంచి వస్తువే. కాని ఇంటి టీవీల వెలుగు సాధారణంగా 250 నుండి 350 నిట్లు ఉంటుంది. పగటి వెలుగు పడే చోట్ల కోసం తయారైన తెరలు 700 నిట్ల నుండి మొదలవుతాయి, పూర్తిగా ఆరుబయట పెట్టేవాటికి రెండు వేలు దాటాలి, వాటి ధర చూస్తే సంఘానికి రెండు గేదెలు వస్తాయి. పైగా ఇంటి కోసం అమ్మిన టీవీని వ్యాపార స్థలంలో వాడితే వారంటీ చెల్లదని చాలా కంపెనీల పత్రాలలో సన్నని అక్షరాలతో ఉంటుంది. కొటేషనుతో పాటు ఆ పత్రం కూడా తెప్పించుకుని, ఎవరైనా పిల్లవానిచేత చదివించండి.

ఈ మధ్య హైదరాబాదులో మా బంధువుల అపార్టుమెంటుకు వెళ్ళాము. కింది లాబీలో, లిఫ్టు ఎదురుగా, నివాసుల సమాచారం కోసమని పెద్ద టీవీ ఉన్నది. దాని వెనుక అరచేతిలో పట్టేంత చిన్న కంప్యూటరు పెట్టి, మెమరీ కార్డుతో నడిపేవారట. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడల్లా ఆ కార్డు దెబ్బతిని, చివరకు తెరమీద "నో సిగ్నల్" అన్న రెండు మాటలే మిగిలాయి. కింద వాచ్‌మన్ నల్లబల్లమీద సుద్దముక్కతో "నీళ్ళు 4 గంటలకు" అని రాసి పెట్టాడు. అందరూ చదువుతున్నది దానినే. తెర నడిచిన రోజులలో నెలవారీ బాకీ కట్టనివారి ఫ్లాటు నంబర్లు కూడా దానిలో వేశారట, దానిమీద పెద్ద తగాదా జరిగిందట. తెర కొనేవారు చేసే పొరపాట్లు పట్నంలోనైనా పల్లెలోనైనా ఒకటే అనిపించింది.

ఆ తగాదా మనకూ వర్తిస్తుంది. బల్ల దగ్గరి తెరలో సభ్యత్వ సంఖ్య, తూకం, వెన్న, ఘన పదార్థాలు, ధర, మొత్తం ఉంటే చాలు. పేరు అక్కరలేదు. దాణా బాకీ, అప్పు మినహాయింపు వంటివి తెరమీద రాకూడదు, రసీదులోనే రావాలి. వరుసలో వెనుక నిలబడినవారికి ఆ సంగతితో పనిలేదు. వెన్న శాతం అందరికీ కనబడవచ్చునా అన్నదానిపై సంఘాలలో భేదాభిప్రాయాలున్నాయి. కనబడితే నీళ్ళు కలపడం తగ్గుతుందని కొందరంటారు. ఈనిన కొత్తలో, ఎండాకాలంలో పచ్చిమేత దొరకక వెన్న మారిన రైతు ఊరికే నలుగురిలో తలదించుకోవలసి వస్తుందని కొందరంటారు. మేము రెండవ వాదన వైపే మొగ్గుతాము. బోర్డును కాస్త వంచి, పోసేవారికే ఎదురుగా పెడితే సరిపోతుంది.

కరెంటు లెక్క

కొనుగోలు తీర్మానాలలో ఈ లెక్క మాకు దాదాపు ఎప్పుడూ కనబడదు. మీ కేంద్రంలో 12 వోల్టుల, 65 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఉన్నదనుకుందాము. 12ను 65తో గుణిస్తే 780 వాట్-అవర్లు. బ్యాటరీ ఎక్కువకాలం మన్నాలంటే సగమే వాడాలి, అంటే 390. ఇన్వర్టరులో కొంత పోగా 320 మిగులుతుంది. అనలైజరు, తూకం, కంప్యూటరు, ప్రింటరు కలిసి 150 వాట్లయితే రెండు గంటల పైచిలుకు నడుస్తాయి, ఒక పూట సేకరణ గట్టెక్కుతుంది. దానికి వంద వాట్ల టీవీ కలిపితే గంటా పావుకే ఆగిపోతుంది, వరుసలో సగం మంది ఇంకా నిలబడే ఉంటారు. పది వాట్ల అంకెల బోర్డు కలిపితే రెండు గంటలూ నడుస్తుంది.

టీవీ ఉన్న సంఘాలు దానిని బ్యాటరీ లైనునుండి తీసివేసి, నేరుగా కరెంటు లైనుకు పెట్టుకోవలెను. ఎర్తింగు సరిగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుచేత చూపించండి. ఉరుములు మొదలైతే ప్లగ్గు తీసివేయాలి. బోర్డు పెట్టెకు వెనుక రంధ్రాలుంటే బల్లులు గూడు కడతాయి. నవ్వులాటకు అనడం లేదు, ఒకచోట బోర్డు కాలిపోవడానికి అదే కారణం. దుమ్ము, తుంపర దూరనివ్వని పెట్టె కావాలంటే ఐ.పి. 54 అనీ, వానలో ఉండేదానికి ఐ.పి. 65 అనీ కొటేషనులోనే రాయించుకోండి.

ఆ సంఘం సంగతి

మేము వెళ్ళిన మరుసటి నెలలో పాలకవర్గం కూర్చుని, టీవీని లోపలి హాలుకు మార్చి, తూకానికి రెండవ డిస్‌ప్లే, అనలైజరుకు అంకెల బోర్డు కొన్నది. రెండూ కలిపి టీవీ ధరలో సగం కూడా కాలేదు. వాటిని బల్లమీద సభ్యుల వైపు తిప్పి, కదలకుండా స్క్రూలతో బిగించారు. ఆ వితంతువు వెంటనే తిరిగి రాలేదు. ఆమె ప్రైవేటు వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉన్నది, అది తీరేవరకు కట్టుబడి పోయవలసి వచ్చింది. మా సంతకానికి ఆమె కట్టిన వెల అది. దసరా తరువాత తిరిగి సంఘానికి పోస్తున్నదని కార్యదర్శి చెప్పారు. మొన్న తనిఖీకి వెళ్ళినప్పుడు చూశాము. క్యాను మూత తీయకముందు డిస్‌ప్లే వైపు చూసి, "సున్న పెట్టు బిడ్డా" అన్నది. కార్యదర్శి పెట్టాడు.

పాలకవర్గ సమావేశంలో చర్చకు

మీ సంఘం 1964 నాటి సహకార చట్టం కింద ఉన్నా, 1995 నాటి పరస్పర సహాయక చట్టం కింద ఉన్నా, కొనుగోలుకు ముందు ఈ సంగతులు మినిట్సులో రాసుకోగోరుతున్నాము. తెరలోని అంకె ఏ యంత్రంనుండి నేరుగా వస్తుంది? పాలు పోసేవారు నిలబడే చోట నిలబడి, ఉదయం ఆరున్నరకొకసారి, సాయంత్రం ఆరుకొకసారి చూసినవారెవరు? వారిలో ఒక్క మహిళా సభ్యురాలైనా ఉన్నారా? కరెంటు లేనప్పుడు ఎంతసేపు నడుస్తుంది? చెడిపోతే బాగుచేసేవారు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నారు, ఎన్ని రోజులలో వస్తారని ఒప్పందంలో ఉన్నది? తెర ఆగిపోయిన రోజులలో అంకెలు సభ్యులకు ఎలా చూపిస్తారు?

కొన్న వస్తువును స్టాకు రిజిష్టరులో క్రమసంఖ్యతో సహా ఎక్కించండి, బిల్లు, వారంటీ పత్రం ఒకే ఫైలులో ఉంచండి. ఇకమీదట మా తనిఖీలో కొటేషన్లతో పాటు, బల్లకు అవతల, సభ్యులు నిలబడే చోటునుండి తీసిన ఫోటో ఒకటి కూడా అడుగుతాము.